ఎడమ ఆరు, కుడి ఒకటి

రేసు కారు ముందు చక్రాలకి షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు, కొనాలనుకున్నవాళ్ళు ఇప్పటికీ మొదట మావయ్య షెడ్డుకే వస్తారు. ఆయన అందరికీ మావయ్యే. పూర్తి బిరుదు క్లిక్కుల మావయ్య. కన్నవాళ్ళు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

వచ్చినవాణ్ణి ఇనప స్టూలు మీద కూర్చోబెట్టి, బండి బరువెంత, అందులో ముక్కు బరువెంత, టైర్లేమిటి, గేర్లెన్ని అని ఒక్కొక్కటే అడుగుతాడు. ఆఖర్న "నువ్వెంత బరువుంటావు?" అంటాడు. ఆ ప్రశ్న దగ్గర చాలామంది పొట్ట లోపలికి లాక్కుని ఐదు కిలోలు తగ్గించి చెబుతారు. మావయ్య ఆ ఐదూ తనే మనసులో కలుపుకుని, ఏ షాకు కొనాలో, ఎంత పొడుగుండాలో, దేని జోలికి పోకూడదో గంటసేపు ఓపిగ్గా చెబుతాడు. కాఫీ కూడా ఇప్పిస్తాడు.

కానీ కొన్న షాకులు తెచ్చి చేతిలో పెట్టి "కాస్త సెట్ చేసి పెట్టు మావయ్యా" అంటే మాత్రం ముట్టుకోడు. "ఇంకొకణ్ణి తోడు తెచ్చుకో. ఒకడు తిప్పాలి, ఒకడు పైకి లెక్కపెట్టాలి. నేను కూర్చుని చూస్తా" అంటాడు. వయసు మీద పడేసరికి చాదస్తం ఎక్కువైందని జనం నవ్వుకుంటారు. చాదస్తమూ కాదు, వయసూ కాదు. ఆ చేతులతో ఆయన సొంత మేనకోడలికి ఒక అన్యాయం చేశాడు. చేతులు చేసింది కొంతే, నోరు చేసింది ఎక్కువ. ఆ సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పద్దెనిమిదో ఏట మావయ్య బస్సు డిపోలో చేరాడు. ఇరవై రెండేళ్ళు బస్సుల కింద పడుకునే బతికాడు. తుప్పు పట్టి మొండికేసిన బోల్టులని గాలితో కొట్టే సుత్తితో ఊడగొట్టడం, రాని వాటిని గ్రైండరుతో కోసెయ్యడం ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ యంత్రాల వణుకు చేతుల్లోకి దిగుతూనే ఉండేది. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు కూడా వణుకుతున్నట్టే ఉండేదట. దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు, జీతంతో పాటు వచ్చేదే అనుకున్నారు.

డిపో మానేశాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఊరి చివర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఉంది. ఆదివారం పొద్దుటిపూట అక్కడ డ్రాగ్ రేసులు జరిగేవి. డ్రాగ్ రేసంటే బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు కార్లు పక్కపక్కనే నిలబడతాయి, పచ్చ దీపం వెలగ్గానే ఉరుకుతాయి, నాలుగు వందల మీటర్లు తిన్నగా పోతాయి, ఎవడు ముందు చేరితే వాడు గెలిచినట్టు. మలుపు లేదు, మెలిక లేదు. పదీ పదకొండు సెకన్లలో అంతా అయిపోతుంది. తుమ్మితే రేసు చూడనట్టే.

అయితే ఆ మొదటి సెకనులో ఉంది కథంతా. బండి ఉరికినప్పుడు ముక్కు పైకి లేస్తుంది. ముక్కు లేస్తే బరువు వెనక టైర్ల మీద పడి, టైర్లు నేలని గట్టిగా పట్టుకుంటాయి. లేవకపోతే వెనక చక్రాలు పొగలు కక్కుతూ ఉన్నచోటే తిరుగుతాయి. మరీ లేచిందా, డ్రైవరుకి రోడ్డు బదులు ఆకాశం కనపడుతుంది, గేరు మార్చగానే ఆ ముక్కు కాస్తా దబ్బున నేలకి కొట్టుకుంటుంది. ఎంత వేగంగా లేవాలో, ఎంత నెమ్మదిగా దిగాలో ముందు చక్రాల దగ్గరున్న షాకులు చూసుకుంటాయి. వాటికి అడుగున చిన్న నాబ్ ఉంటుంది. కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే వదులవుతుంది. తిప్పినప్పుడల్లా లోపల చిన్న గుండు ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి దూకి వేళ్ళకి టిక్కుమని తగులుతుంది. అదే క్లిక్కు. పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులు వదిలామో అదే సెట్టింగు. రెండు వైపులా ఒకే అంకె ఉండాలి. లేకపోతే ముక్కు వంకరగా లేస్తుంది.

రన్‌వే మీద ఇంజన్ల మోతలో క్లిక్కు చప్పుడు ఎవరికీ వినపడదు. వేళ్ళకి తెలియాల్సిందే. ఆ తెలియడంలో మావయ్యని మించినవాడు లేడు. ఒకసారి ఎవడో పోయిన వారం నుంచీ బండి పక్కకి లాగుతోందని గోల పెడుతుంటే, మావయ్య కళ్ళు మూసుకుని, బండి కింద చెయ్యి పెట్టి, రెండు నాబ్‌లూ బిగించి చూసి, "కుడిది ఒక క్లిక్కు తక్కువుంది" అని సరిచేసి, "ఇక పో" అన్నాడు. బండి బాణంలా పోయింది. ఆ రోజుతో పేరు స్థిరపడిపోయింది. పైకి విసుక్కునేవాడు గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మావయ్యకి లోలోపల వెన్న రాసినట్టుండేది.

ఆయనకి పిల్లలు లేరు. చెల్లెలి కూతురే కూతురు. ఆ పిల్లకి ఏడేళ్ళప్పుడే పానాల సైజులన్నీ నోటికొచ్చు. పెద్దదై నీళ్ళు పరీక్షించే ఆఫీసులో ఉద్యోగం సంపాదించింది. వారమంతా గాజు సీసాల్లో చుక్కలు లెక్కపెట్టేది, శని ఆదివారాలు మావయ్య షెడ్డులో ఒక పాత రెండు తలుపుల కారుని రేసు బండిగా మార్చుకునేది. ఏ వస్తువైనా చటుక్కున ఎంచుకునేది. చెప్పులు కొనడానికి వెళితే అంగడివాడు రెండో జత తీసేలోపు మొదటి జత వేసుకుని బయటికొచ్చేది. "దీనికి పొగరు" అని తల్లి తిట్టేది. "పొగరు కాదే, దానికి ఏం కావాలో దానికి తెలుసు" అని మావయ్య వెనకేసుకొచ్చేవాడు.

ముందు షాకుల దగ్గర మాత్రం మామా మేనకోడళ్ళకి పెద్ద యుద్ధమే జరిగింది.

"ఒక్క నాబ్ ఉన్నవి చాలే. లేవడం, దిగడం రెండూ దాంతోనే సర్దుకుంటాయి. నలభై బళ్ళకి అవే బిగించాను," అన్నాడు మావయ్య.

"సర్దుకోడానికి ఇదేమన్నా అద్దె ఇల్లా మావయ్యా? నా బండి ముక్కు తేలిక. అది తొందరగా లేవాలి, నెమ్మదిగా దిగాలి. ఒక్క నాబ్‌తో లేవడం వదులు చేస్తే దిగడం కూడా వదులైపోతుంది. లేవడానికి ఒకటి, దిగడానికి ఒకటి ఉన్నవి కావాలి నాకు."

"రెండు నాబ్‌లంటే రెండింతల తప్పులే."

"రాసుకుంటే తప్పులెందుకొస్తాయి?"

పొడుగు కొలిచేటప్పుడు మళ్ళీ వాదన. మావయ్య అలవాటు ప్రకారం ఖాళీ బండి కింద టేపు పెట్టి కొలిచాడు. ఆ పిల్ల హెల్మెట్ పెట్టుకుని, బూట్లు వేసుకుని వచ్చి సీట్లో కూర్చుని, "ఇప్పుడు కొలు. నేను లేకుండా నా బండి ఒక్కత్తే పోతుందా?" అంది. మావయ్య గొణుక్కుంటూ కొలిచాడు. ముక్కు వేలెడు దిగి ఉంది. ముక్కు లేవడానికి షాకు ఇంకా ఎంత సాగాలన్నది ఆ వేలెడులోనే ఉంది. పాతికేళ్ళ అనుభవం ఉన్న మావయ్యకి ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు. ఈ రోజున వచ్చినవాళ్ళందర్నీ బరువెంతని అడుగుతాడే, ఆ ప్రశ్న ఆ పిల్లది. ఆ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఆ పిల్ల పంతమే నెగ్గింది. "నీ బండి, నీ ఇష్టం" అన్నాడు మావయ్య. రెండు నాబ్‌ల షాకులు వచ్చాయి. బానెట్ లోపల ఒక అట్ట కార్డు అంటించి, ప్రతి మార్పూ దాని మీద రాసేవాళ్ళు. ఒకరు తిప్పాలి, ఒకరు పైకి లెక్కపెట్టాలి, లెక్కపెట్టినవాళ్ళే రాయాలి. ఆ నియమం మావయ్యదే. బస్సు చక్రం బోల్టులకి డిపోలో ఇద్దరు చెయ్యి వెయ్యాల్సిందేనని నేర్చుకున్నాడు, దాన్నే రేసు బండికీ తెచ్చాడు. ఆ యేడు ఆ కారు గెలుస్తూనే పోయింది. లేవడం ముచ్చటగా లేచేది, దిగడం నీళ్ళ బిందె దింపినట్టు దిగేది. బేకరీ యజమాని పచ్చ కారు ఒక్కటే దానికి పోటీ.

సరిగ్గా ఆ యేడే మావయ్య వేళ్ళు మొద్దుబారడం మొదలుపెట్టాయి. మొదట చలి పొద్దుల్లో కొసలు తెల్లబడి సూదులు గుచ్చినట్టుండేవి. తర్వాత ఆ సూదులు కూడా పోయాయి. నట్టు చేతిలో ఉందనుకుంటే కింద దొర్లుతుండేది. చొక్కా బొత్తాలు పెట్టుకోడానికి అద్దం కావాల్సి వచ్చేది. ఆయన భార్య, అందరికీ అత్తయ్య, బట్టలు కుట్టే మనిషి, చేతుల సంగతి ఆవిడకి తెలియకుండా ఉంటుందా? ఒకరోజు ఆయన అరచేతిలో గుండుసూది పెట్టి, "ఏముందో చూడకుండా చెప్పండి" అంది. మావయ్య "బొత్తాం" అన్నాడు. ఆవిడ సూది వెనక్కి తీసేసుకుంది.

"డాక్టరుకి చూపించుకోండి. ఆ పిల్లకి కూడా చెప్పండి, మీరు నాబ్‌లు తిప్పుతారు కదా."

"చల్లగాలికి పట్టేసింది, అంతే. నలుగురికీ చాటకు."

క్లిక్కుల మావయ్యకి క్లిక్కులు తెలియడం లేదంటే ఇంకేం మిగిలింది? తల కొట్టేసినట్టే కదా. అందుకని కొన్నాళ్ళు ఉపాయంగా నెట్టుకొచ్చాడు. "నువ్వు తిప్పవే, నేను లెక్కపెడతా, నీకూ అలవాటవ్వాలి" అని పని మేనకోడలి మీదకి తోసేవాడు. మావయ్య తనకి విద్య నేర్పుతున్నాడని ఆ పిల్ల మురిసిపోయింది.

ఆ యేటి ఆఖరి రేసు రోజు. ఫైనల్లో మిగిలింది ఆ పిల్ల కారూ, బేకరీ యజమాని పచ్చ కారూ. అంతకుముందు పరుగులో ముక్కు కాస్త ఎక్కువ లేచింది. ఎండ ఎక్కి రన్‌వే వేడెక్కింది, పట్టు పెరిగింది. లేచే నాబ్‌లు రెండు వైపులా ఎనిమిదిలో ఉన్నాయి, ఆరుకి తేవాలి. అంటే ఒక్కో నాబ్‌నీ కుడికి రెండే రెండు క్లిక్కులు తిప్పాలి. ఆ పిల్ల అప్పటికే బెల్టులు కట్టుకుని సీట్లో బందీ అయి ఉంది. "మావయ్యా, రెండు బిగించు, ఆరు రాసెయ్" అని అరిచి ముందే ఒప్పజెప్పింది.

బేకరీ ఆయన మనిషి ఒకడు పక్కనే నిలబడి ఉన్నాడు. మంచివాడు. "లెక్కపెట్టనా మావయ్యా?" అని అడిగాడు కూడా.

"నాకు లెక్కలు నేర్పుతావా?" అన్నాడు మావయ్య.

ఎడమ వైపు సరిగ్గానే తిరిగింది. రెండూ తగిలాయి. కుడి వైపు చెయ్యి పెట్టాడు. ఒకటి తగిలినట్టుంది. ఇంకాస్త తిప్పాడు, ఏమీ తెలియలేదు. ఇంకాస్త తిప్పాడు. తగిలిందా, లేదా? మళ్ళీ తిప్పాడు. ఇంజన్ వణుకు నాబ్‌లోకి వస్తోంది, వేళ్ళకి ఆ వణుకొకటే తెలుస్తోంది. పూర్తిగా బిగించి మొదటినుంచీ లెక్కపెట్టుకుంటే నిమిషం కూడా పట్టదు. పక్కవాణ్ణి పిలిస్తే అంతకన్నా తక్కువ పడుతుంది. మావయ్యకి రెండూ తెలుసు. తెలిసీ లేచి నిలబడి, కార్డు మీద 'ఎడమ 6, కుడి 6' అని రాసి బానెట్ మూశాడు. అద్దంలోంచి ఆ పిల్ల బొటనవేలెత్తి 'సరేనా?' అన్నట్టు చూసింది. మావయ్య తన బొటనవేలెత్తి చూపించాడు.

పచ్చ దీపం వెలిగింది. ముక్కు వంకరగా లేచింది. ఎడమ చక్రం గాల్లోకి పోయింది, కుడి చక్రం నేలని వదల్లేదు. ముక్కు దిగేసరికి బండి పక్కకి తిరిగి, పాత టైర్లు పేర్చిన గోడని ఈడ్చి కొట్టింది. చప్పుడు పెద్దగా రాలేదు. మావయ్య పరిగెత్తుకెళ్ళేసరికి ఆ పిల్ల హెల్మెట్ లోంచి "ఏమైంది మావయ్యా? నేనేం చేశాను?" అని అడుగుతోంది. కాలర్ బోను విరిగింది. ప్రాణానికేం ప్రమాదం లేదన్నారు.

మర్నాడు షెడ్డులో మావయ్య ఒక్కడే షాకులు విప్పాడు. బల్ల మీద బిగించి, నాబ్‌కి మార్కరుతో గీత పెట్టుకుని, కంటితో చూస్తూ లెక్కపెట్టాడు. ఎడమ ఆరు. కుడి ఒకటి. ఇంకోసారి చూశాడు. ఒకటే.

షెల్ఫులో పెట్టేముందు నాబ్‌లన్నీ పూర్తిగా బిగించెయ్యడం షెడ్డులో ఆనవాయితీ. మావయ్య రెండూ బిగించేశాడు. ఇక చూసినవాడికి ఏమీ తెలియదు. పనివాడి పద్ధతిగానే చేశాననుకుని తనకి తను చెప్పుకున్నాడు గానీ, ఆ క్షణంలో ఆయన చేసింది పని కాదు, దొంగతనం.

వారానికి ఆ పిల్ల చేతికి పట్టీ కట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుంది.

"విప్పినప్పుడు లెక్క ఎంతుంది మావయ్యా?"

"సమానంగానే ఉంది. ఆరు, ఆరు."

ఆ పిల్ల రోజులతరబడి కారణం వెతికింది. స్టీరింగు చూసింది, టైర్లు చూసింది, ఫోటోలు తెప్పించుకుని చూసింది. మావయ్య మాట తప్ప అన్నిటినీ అనుమానించింది. చివరికి ఒకరోజు నీరసంగా అంది, "షాకులే అయ్యుంటాయి మావయ్యా. నా బండికి అవి నప్పలేదు. నువ్వు ఒక్క నాబ్‌వి చాలన్నావు."

అప్పుడు నోరు మూసుకున్నా సగం పాపంతో పోయేది. మావయ్య మూసుకోలేదు. భయంతో అన్నాడో, తప్పించుకున్నానన్న ధైర్యంతో అన్నాడో, ఆయనకే తెలియదు.

"చెబితే విన్నావా?" అన్నాడు.

ఆ పిల్ల తలొంచుకుంది. కార్డు ఊడదీసి పుస్తకంలో పెట్టుకుంది. ఆ నెలలోనే కారుని ఎవరికో అమ్మేసింది. బేకరీ యజమాని స్వయంగా వచ్చి "నీలాంటి పోటీ లేకపోతే నాకు పొద్దుపోదమ్మా" అన్నా వినలేదు. షాకుల జత మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. కొన్నవాడు వాటిని వద్దన్నాడు.

ఆరేళ్ళు గడిచాయి. రేసు మానేస్తే మానేసింది, లోకంలో రేసులాడనివాళ్ళు కోట్లమంది ఉన్నారు. మావయ్యని తినేసింది అది కాదు. ఆ పిల్ల ఎంచుకోవడం మానేసింది. గొడుగు కొనాలంటే ముగ్గుర్ని అడిగేది. ఫ్యాను కొనాలంటే ఐదుగుర్ని అడిగి, ఆరోవాడు చెప్పింది కొని, ఏడోవాడి మాట విని మార్చుకొచ్చేది. గోడలకి ఏ రంగు వెయ్యాలో తేల్చుకోలేక రెండేళ్ళు సున్నం గోడల మధ్యే ఉంది. "ఇప్పుడు కాస్త అణకువ వచ్చింది దీనికి" అని చెల్లెలు సంతోషపడుతుంటే, మావయ్య కంచం ముందునుంచి లేచిపోయేవాడు. ఒకసారి అత్తయ్య మిషను తొక్కడం ఆపి, "ఆ పిల్లకి చెప్పారా?" అంది. "ఏం చెప్పాలి?" అన్నాడు. ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధగా ఉండేది.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాడు. ఆ పిల్ల పుట్టినరోజున చెబుదామనుకున్నాడు, పుట్టినరోజు పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నాడు. దానికి ఒంట్లో బాగాలేనప్పుడు చెబుదామనుకున్నాడు, కోలుకోనీ అని ఊరుకున్నాడు. రేపటికి వాయిదా వెయ్యడానికి మనిషికి కారణాలు కరువా? ఈ లోపల రన్‌వే వైపు వెళ్ళడం తగ్గించాడు. క్లిక్కుల మావయ్యా అని ఎవరైనా పిలిస్తే, వీపు మీద చరిచినట్టు ఉలిక్కిపడేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల మూడు రంగురంగుల కంపెనీ పుస్తకాలు చంకన పెట్టుకుని షెడ్డుకి వచ్చింది.

"వీటిల్లో ఏ మిషన్ మంచిదో చెప్పు మావయ్యా."

మావయ్య కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "నీళ్ళు పరీక్షించే మిషన్ల గురించి నాకేం తెలుసే? నాకు నీళ్ళు తాగడం ఒకటే తెలుసు."

"తెలియకపోయినా ఫర్వాలేదు. నేను ఎంచుకోకుండా ఉంటే చాలు."

మావయ్య నవ్వబోయాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"నన్ను ల్యాబ్‌కి పెద్దగా వెయ్యాలనుకుంటున్నారు. పెద్దయితే మిషన్లు ఎంచాలి, సంతకం పెట్టాలి. మూడు ఊళ్ళ వాళ్ళు తాగే నీళ్ళు. నా వల్ల కాదని రేపు రాసిచ్చేస్తాను. పోయే ముందు కనీసం ఈ ఒక్కటీ నువ్వు చెబితే, వాళ్ళకి చెప్పేసి తప్పుకుంటాను."

"నీ వల్ల కాకపోవడమేమిటే?"

"నా ఎంపిక ఎలా ఉంటుందో నీకు తెలియదా మావయ్యా? నువ్వేగా అన్నావు, చెబితే విన్నావా అని. ఏదైనా తీసుకుందామని చెయ్యి చాచేసరికి ఆ మాట వినపడుతుంది. నిన్ను తప్పుపట్టడం లేదులే. నువ్వన్నది నిజమేగా."

మావయ్య లేచి వెళ్ళి షెల్ఫు మీంచి దుమ్ము పట్టిన షాకు ఒకటి తీశాడు. ఆ జతలోదే. గుడ్డతో తుడిచి, బల్లకి బిగించాడు.

"ఇలా రా. ఈ గొట్టం మీద చెయ్యి పెట్టు. నేను తిప్పుతాను, ఎన్ని క్లిక్కులో మనసులో లెక్కపెట్టు. పైకి చెప్పకు."

ఆ పిల్ల అర్థం కాక చెయ్యి పెట్టింది. మావయ్య కళ్ళు మూసుకుని తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు.

"ఎన్ని?"

"ఐదు."

"నాకు రెండే అనిపించింది."

ఆ పిల్ల ఆయన చేతుల వైపు చూసింది. కొసలు తెల్లగా ఉన్నాయి. ఒక వేలికి ఎప్పుడో గీరుకున్న దెబ్బ, రక్తం ఎండిపోయి ఉంది. తగిలిన సంగతి ఆయనకే తెలియదు.

"ఎప్పట్నించి మావయ్యా?"

"ఆ రేసుకి ముందునుంచే."

షెడ్డు బయట ఎవరిదో సైకిలు గంట మోగింది. ఆ పిల్ల చెయ్యి ఇంకా షాకు మీదే ఉంది.

"విప్పినప్పుడు లెక్క ఎంతుంది?" అని అడిగింది. ఆరేళ్ళ కిందట అడిగిన మాటలే, అదే వరస.

"ఎడమ ఆరు. కుడి ఒకటి."

"నువ్వు చూశావా?"

"రెండుసార్లు చూశాను. చూసి బిగించేశాను. నువ్వెంచుకున్నదాంట్లో ఏ తప్పూ లేదే. అంత మంచి షాకులు ఆ రన్‌వే మీద ఇంకే బండికీ లేవు. పొడుగు కొలవడం కూడా నువ్వు చెప్పిందే రైటు. చెడగొట్టింది నేను. లెక్కపెడతానని ఒకడు వస్తే పొమ్మన్నాను. సిగ్గేసింది. నీకు చెప్పడానికి అంతకన్నా సిగ్గేసింది."

"సిగ్గేస్తే సరే మావయ్యా," అంది ఆ పిల్ల. గొంతు ఎక్కడా పెరగలేదు. "చేతులు పనిచెయ్యకపోతే ఎవరైనా దాచుకుంటారు. లెక్క దాచావు, అది కూడా భయంతో అనుకుంటాను. కానీ నేను వచ్చి ఈ స్టూలు మీద కూర్చుని తప్పు నాదేమో అన్నప్పుడు, చెబితే విన్నావా అని ఎందుకన్నావు?"

మావయ్య "అన్నానే" అని మాత్రం అన్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తితే చెంప తడిసిందో లేదో వేళ్ళకి తెలియలేదు.

ఆ పిల్ల మూడు పుస్తకాలూ సర్దుకుని, "వెళ్ళొస్తాను అత్తయ్యా" అని ఇంటి వైపు తిరిగి కేకేసి వెళ్ళిపోయింది. మావయ్యకి చెప్పలేదు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. సోమవారం నాడు చెల్లెలు ఆయాసపడుతూ షెడ్డులోకి వచ్చి, స్టూలు మీద కూలబడి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"చూశావా అన్నయ్యా, నీ మేనకోడలి నిర్వాకం? ఆ పెద్ద ఉద్యోగం ఒప్పేసుకుందట. నన్నడగలేదు, నిన్నూ అడగలేదుగా? మిషను కూడా తనే ఎంచేసిందట. ఏది తీసుకున్నావే అంటే, నీకు తెలిసి ఏం చేస్తావమ్మా అంది. నిన్న బజారుకెళ్ళి గోడలకి నీలం రంగు తెచ్చింది. పావుగంటలో తేల్చేసింది. నాకు నీలం నచ్చదని దానికి తెలుసు. మళ్ళీ పాత పొగరు నెత్తికెక్కింది."

మావయ్య మొహం ఒక్కసారి వెలిగింది. ఆ పొగరు కోసం ఆరేళ్ళు ముఖం వాచిపోయి ఉన్నాడు. "నీలం బానే ఉంటుందిలేవే," అన్నాడు. తర్వాత అడిగాడు. "ఈ ఆదివారం వస్తానందా?"

"అడిగాను. ఏమీ అనలేదు. ఏమైంది మీ ఇద్దరికీ? ఇది నీకిమ్మంది." చెల్లెలు సంచిలోంచి ఒక అట్ట కార్డు తీసి ఇచ్చింది.

బానెట్ లోపల అంటించిన కార్డే. చివరి వరసలో మావయ్య రాసిన 'ఎడమ 6, కుడి 6' అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన, నీళ్ళ సీసాల మీద రాసే పొందికైన అక్షరాలతో, 'ఎడమ 6, కుడి 1' అని ఉంది. దాని కింద 'షాకుల ఎంపికలో తప్పు లేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఉంది. ఆఫీసు కాగితం మీద పెట్టినట్టు పూర్తి సంతకం.

మావయ్య కార్డు తిరగేశాడు. వెనక ఖాళీ. మళ్ళీ తిరగేశాడు. అంచులు బొటనవేలితో రుద్దాడు, రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. దళసరిగా ఉందో పల్చగా ఉందో ఆయనకి అంతుపట్టలేదు. కార్డుని చెల్లెలి చేతికిచ్చాడు.

"కాస్త పట్టుకుని చూడవే. దీనికి ఇంకో కాగితం ఏమన్నా అంటుకుని ఉందా?"

చెల్లెలు వెలుతురుకి ఎత్తి చూసింది, గోటితో అంచు గీరి చూసింది.

"లేదన్నయ్యా. ఇదొక్కటే."